పట్టుకోకండి, వదిలేయండి

ఉష గారికి, పులికాట్ ఒడ్డు నుంచి పోలేరయ్య నమస్కారాలు.

నా భార్య నాగులమ్మకు రొమ్ము క్యాన్సరని తేలినప్పటి నుంచి నెల్లూరు ఆస్పత్రికి తిరుగుతున్నాం. అక్కడివాళ్లే, ఫోన్‌లో జరిగే మీ మనశ్శాంతి క్లాసులో ఆమె పేరు చేర్చారు. క్లాసులో నోరెత్తాలంటే సిగ్గు, అందుకే ఉత్తరం. కళ్లు మూసుకోమంటారు, బాగుంది. "ఏది వచ్చినా పట్టుకోకండి, వదిలేయండి" అంటారు. మేము చేపలు పట్టి బతికేవాళ్లం తల్లీ. వచ్చింది వదిలేస్తే మేం తినేదేంది?

ఇట్లు,
పోలేరయ్య

తా.క.: మీరు పెట్టే సముద్రం చప్పుడు మార్చండి. అది తుఫాను ముందరి హోరు. లేచి పడవ కట్టడానికి పరుగెత్తాను.

పోలేరయ్య గారికి, నమస్తే.

నేను చెప్పింది చేపల సంగతి కాదండీ, మనసులోకి వచ్చే భయం సంగతి. వచ్చిందని గమనించి, దాని దారిన దాన్ని పోనివ్వాలి. నాగులమ్మ గారికి నెమ్మదిగా చెప్పండి.

ఉంటాను,
ఉష

తా.క.: సముద్రం తీసేసి పక్షుల కూతలు పెట్టాను.

ఉష గారికి, నమస్కారం.

ఆ భయం పోయేరకం కాదమ్మా. మందెక్కించిన ప్రతిసారీ మనిషి సగమవుతోంది. "వదిలేయమని ఆ మేడమే చెప్తా ఉంది గదా, ఆస్పత్రే వదిలేద్దాం" అనే మాట మా ఇంట్లో పుట్టింది. సోమవారం మళ్లీ మందెక్కించాలి. పోవాలా, వద్దా?

ఇట్లు,
పోలేరయ్య

తా.క.: పక్షులు వద్దు. ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలాయనుకుని కర్ర తీసుకుని బయటికి పోయాను.

పోలేరయ్య గారూ,

ఈ ఉత్తరం అందగానే ఆమెకు చదివి వినిపించండి. నాగులమ్మ గారూ, చికిత్స వదలమని నేను అనలేదు. సోమవారం తప్పక వెళ్లండి. క్లాసులో మీ పేరు పిలిచినప్పుడు ఒక్కసారి పలకండి. ఫోన్‌లో మీ ఇంటి పైకప్పు తప్ప నాకేమీ కనబడదు.

మీ,
ఉష

తా.క.: ఇకమీదట ఏ చప్పుడూ పెట్టను.

ఉషమ్మకు, నాగులమ్మ చెప్పగా కూతురు రోజారమణి రాసేది.

నీ ఉత్తరం మా ఆయన చదివి వినిపించలేదు, నా చేతిలో పెట్టి బయటికి పోయినాడు. కూతురు చదివింది. సోమవారం పోయి మందెక్కించుకొని వచ్చినా. ఆస్పత్రి వదిలేద్దామన్నది నేను కాదు తల్లీ. నా జుట్టు రాలినప్పటి నుంచి ఆయనకే తిండి లేదు, నిద్ర లేదు. నీ క్లాసులో నేను ఒక్కనాడూ కూర్చోలేదు. నువ్వు నాగులమ్మ గారూ అని పిలిస్తే, గడ్డం మాసిన మగమనిషి తలుపేసుకొని కళ్లు మూసుకుంటా ఉన్నాడు. బయటపడిందని సిగ్గుతో మానేస్తాడేమో. నువ్వు ఆయన్ని క్లాసులోంచి పంపించేయొద్దు. నా మందు నేను తట్టుకుంటా, ఆయన ఏమైపోతాడో అనేదే నా భయం.

ఇట్లు,
నాగులమ్మ

తా.క.: రేపటి నుంచి ఆయన్ని ఆయన పేరుతోనే పిలువమ్మా. నేను ఆ పేరు పలకకూడదు.