కొట్టు అద్దం మీద నేను రాసిన మాట

నెవార్క్, 1981

ఓరెలియా వదినా,

నా ఆత్మకథలోని 1967 నల్లవాళ్ల అల్లర్ల అధ్యాయం నిజమేనని సంతకం పెట్టమంటూ ప్రచురణకర్తలు నీకు కాగితం పంపుతారు. పెట్టకు.

ఆ సాయంత్రం క్లబ్బులో శాక్సఫోన్ వాయిస్తున్నానని అందులో రాశాను. పద్నాలుగేళ్లుగా నీకూ అదే చెప్పాను. నిజానికి నేను అన్నయ్య రికార్డుల కొట్టు ముందే ఉన్నాను.

'ఇది నల్లవాళ్ల కొట్టు' అని అద్దం మీద సున్నంతో రాసింది నేనే. అది చూసి, తెల్లవాళ్ల కొట్లు దోచుకుంటున్న మనవాళ్ల గుంపు మన కొట్టు జోలికి రాలేదు. అదే చూసి, అల్లర్లు అణచడానికి వచ్చిన తెల్ల సైనికులు అద్దం పగలగొట్టి అన్నయ్యను బయటికి ఈడ్చారు. వాళ్లలో ఒకడు నా తెల్లటి ఒంటిని చూసి, నన్నూ తెల్లవాణ్ణే అనుకుని, "వీడు మీకు తెలుసా సార్?" అని మర్యాదగా అడిగాడు.

నేను నోరు విప్పేలోపే అన్నయ్య నవ్వి, "ఈ దొరగారెవరో నాకేం తెలుసు?" అన్నాడు. నా రంగు చూసి చిన్నప్పటినుంచీ నన్ను అలాగే ఏడిపించేవాడు. నేను తెలియదని తలూపి, టోపీ సర్దుకుని నడిచి వెళ్లిపోయాను. మూడోరోజు అతన్ని గుర్తుపట్టడానికి శవాల గదికి నువ్వొక్కదానివే వెళ్లావు.

పుస్తకం పేరు 'నేను నల్లవాణ్ణి'. నమ్మకం కుదరాలని అట్ట మీద నా ఫొటోను కాస్త నల్లగా అచ్చువేస్తారట. సరేనన్నాను.

నీ మరిది