ట్యాంకు మూత తీశాక

చెల్లీ,

మీరు వెళ్లిపోయిన రెండేళ్లకి నా చేతిరాత చూసి కంగారుపడకు, ఒంట్లో బాగానే ఉంది. నిన్న మరుగుదొడ్డి మళ్లీ పొంగితే సెప్టిక్ ట్యాంకు మూత తీయించాను. నీ పిల్లలు గుడ్డలు పడేసి పూడ్చేశారని ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను కదా. ఒక్క గుడ్డపీలిక కూడా దొరకలేదే.

ట్యాంకు శుభ్రం చేసే ఆయన, "ఫినాయిల్ ఎంత పోస్తారమ్మా?" అని అడిగాడు.

"రోజూ అర సీసా," అన్నాను గొప్పగా.

"అదే కొంప ముంచింది. అడుగుకి దిగిన మలాన్ని తిని కరిగించేవి లోపలుండే సూక్ష్మజీవులు. వాటిని మీరే చంపేశారు. కరగనిదంతా పేరుకుపోయి, నీళ్లు ఇంకుడు గుంటలోకి పోయే గొట్టానికి అడ్డం పడింది."

"మళ్లీ పుట్టవా?"

"ఫినాయిల్ మానేస్తే, మనుషులు వాడుతూ ఉంటే అవే పుడతాయి. ఇంట్లో ఎంతమంది?"

ఒక్కదాన్నే అనడానికి నోరు రాక, నలుగురం అనేశాను. దండెం మీది ఒకే ఒక్క తువ్వాలు చూసి ఆయన మళ్లీ పనిలోకి వంగాడు.

తప్పు పెద్దమ్మదేనని పిల్లలకి నేనే చెప్పుకుంటాను. వాళ్లని తీసుకుని రావే. రానంటే నేనే వస్తాను, గుమ్మంలోంచి పంపేయకు.

అక్క