సొరతీగ నీడ

హిద్, బహ్రెయిన్
2005

అమ్మీకి పెద్దోడు ఉబైద్ సలాం చేసి రాసేది. ఇక్కడ నేను బాగనే ఉన్న. నువ్వు, చెల్లె ఇరమ్ మంచిగున్నరని తలుస్త. ఇరమే చదివి వినిపిస్తది కాబట్టి తెలుగులనే రాస్తున్న. నీ మోకాళ్లకు నూనె పంపిన, అందిందా? మేకను మాత్రం అమ్మకు.

ఏం పని చేస్తున్నవని అడిగినవు. రాళ్ల కార్ఖానలనే ఉన్న. చర్చి ఫాదర్ ఒకాయన గోడకు పెట్టే పెద్ద పలక చెయ్యమన్నడు. ఎన్కట రోము దేశంల కిరస్తానోళ్లు పీనుగును రాతిపెట్టెల పెట్టి, పెట్టె మీద బొమ్మలు చెక్కిచ్చేటోళ్లట. దాని ఫోటో తెచ్చిండు. చూస్తే ఏముంది అమ్మీ, మన యూనుస్ నబీ కతనే! పడవల నుంచి సముద్రంల పడేసుడు, చేప మింగుడు, మళ్ల ఒడ్డుకు కక్కుడు, సొరతీగ కింద పండుకునుడు. సచ్చినోళ్లు మళ్ల లేస్తరని వాళ్ల నమ్మకమట, అందుకే ఆ కత.

నబీ బొమ్మ నేను చెక్కుతనా, తోబ తోబ! మనిషిని మా రూములోడు, కోరుట్ల ముత్తన్న చెక్కిండు. పడవ, చేప, తీగ నావి. చేప మంచిగొచ్చింది.

"మున్నా ఎందుకు మాట్లాడ్తలేడు, తమ్మునితోని కొట్లాడినవా?" అని అడిగినవు. వేరే దీవిల డ్యూటీ అని ఇన్నొద్దులు చెప్పుకుంట వచ్చిన. ఇరమ్, ఇక్కడ జర ఆగు. అమ్మీ పక్కన కూసో, చెయ్యి పట్టుకో. ఇగ చదువు.

అమ్మీ, మున్నా లేడు. రంజాన్‌కు ముందు చేపల లాంచి మీద పోయిండు, గాలికి నీళ్లల్ల పడ్డడు. మస్తు దేవులాడిన్రు. దొరకలే. లాంచి పెద్దాయన "ఖలాస్" అని చేతులు దులుపుకున్నడు. జనాజా లేదు, మట్టి లేదు. ఏ మొఖం పెట్టుకొని నీకు చెప్పాలె?

మొన్న ముత్తన్న తన పని అయిందని పిలిచిండు. తీగ కింద ఆ మనిషి ఒక చెయ్యి తలమీదేసుకొని పండుకున్నడు. ఫోటోల గూడ అట్లనే ఉంది, ముత్తన్న చేసిందేం లేదు. "తలమీద చెయ్యేసుకోకురా, అరిష్టం" అని మున్నాను రోజూ తిట్టేదానివి కదా, అచ్చం అట్లనే. ఉలి కింద పెట్టి చిన్న పోరని లెక్క ఏడ్చిన. ముత్తన్న నా పక్కనే కూసున్నడు. "తల్లి ఎదురుచూడబట్టె, ఇంటికి ఉత్తరం రాయి భాయ్" అన్నడు.

తెల్లారి నా తీగ పని పూర్తి చేసిన. ఫోటోల లేని ఆకు ఒకటి ఎక్కువ చెక్కిన అమ్మీ, వాని మొఖం మీద ఎండ పడకుండ.

ఇట్లు,
నీ పెద్దోడు
ఉబైద్