ఎడమ బ్లేడు

నవంబర్ 3, సోమవారం

తొమ్మిది జతల స్కేట్లకు సాన పట్టాను. చివరిది లియోనీది. జర్మన్ స్కేటర్, ఇరవై ఎనిమిదేళ్ళు. భర్త ఆఫీసు ఇక్కడే సింగపూర్‌లో, తంజోంగ్ పగార్‌లో. అందుకని ఏడాదిగా మా ఐస్ రింక్‌లోనే ప్రాక్టీస్. వాళ్ళ దేశపు పోటీల్లో మూడుసార్లు మూడో స్థానం. ఎడమ చీలమండ రెండుసార్లు విరిగింది. డిసెంబర్ పోటీయే ఆఖరిదని తనే చెబుతుంది. దానికి ఈ ఆదివారమే ఫ్లైట్.

నవంబర్ 4, మంగళవారం

లియోనీ పడింది. ఒకటే జంప్, నాలుగుసార్లు. దానికి ఎడమ కాలి మీది నుంచే లేవాలి. మేనేజర్ హైమావతి గారు నన్ను చూసి, ఏంటి ఓబయ్యా, పడింది ఆమా నువ్వా, మొహం అలా పెట్టావు అన్నారు. నవ్వాను.

అదే రోజు, మధ్యాహ్నం 2

ఎవరో పిల్ల స్కేటును సాన మెషీన్‌కు బిగిస్తుంటే కనబడింది. బ్లేడును కదలకుండా పట్టి ఉంచే క్లాంపు స్క్రూ వదులుగా ఉంది. బ్లేడు అడుగున రెండు అంచులుంటాయి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. నిన్న ఆఖరున పట్టింది లియోనీ ఎడమ బ్లేడు. అది ఒక పక్కకు వాలి ఉంటుంది.

స్క్రూ బిగించాను. ఎవరికీ చెప్పలేదు.

నవంబర్ 5, బుధవారం

మళ్ళీ పడింది. కౌంటర్ దగ్గరికి వచ్చి, ఓబీ, బ్లేడ్ ఓకేనా అని అడిగింది. ఓకే మేడమ్ అన్నాను.

ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఇక్కడే తువాస్ షిప్‌యార్డ్‌లో ఏడేళ్ళు ఇనుము గ్రైండింగ్ చేశాను. మిగతాది వీడియోలు చూసి నేర్చుకున్నాను. నాకు ముందున్న మనిషిని ఒక్క పొరపాటుకే వర్క్ పర్మిట్ తీసేసి ఇంటికి పంపారు. ఆమె మంచు మీదికి వెళ్ళినప్పుడల్లా నేను మెషీన్ ఆన్ చేస్తున్నాను. పడిన చప్పుడు వినబడదు.

నవంబర్ 6, గురువారం

పోటీ నుంచి తప్పుకుంటానని లియోనీ లెటర్ రాసిందట. ఇంకా పంపలేదట. కాలు పనికిరాదంటోంది, ఆరేళ్ళప్పుడు మొదలుపెట్టింది పాపం అన్నారు హైమావతి గారు.

రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ దగ్గాను.

నవంబర్ 7, శుక్రవారం, సాయంత్రం 5

చెప్పేశాను. హైమావతి గారు, లియోనీ ఇద్దరి ముందూ బ్లేడు మీద నాణెం అడ్డంగా పెట్టి చూపించాను. ఒక పక్కకు వాలిపోయింది.

బుద్ధుందా నీకు, ఆమె మెడ విరిగుంటే ఎవడయ్యా జవాబు చెప్పేది, నీ సంగతి రేపు చూస్తా అన్నారు హైమావతి గారు.

లియోనీ నాణెం వైపు చూడలేదు. మంగళవారమే తెలుసు అంది. మంచు మీద కాలు పెట్టగానే తెలిసిందట.

మరి తెలిసీ ఎందుకు ఎగిరావు తల్లీ అని హైమావతి గారు తెలుగులోనే అనేసి, మళ్ళీ ఇంగ్లీషులో అడిగారు.

బ్లేడు వంకర కాబట్టి పడ్డానని అనుకోవచ్చు కదా అంది. ఓబీ దీన్ని సరిచేశాక కూడా పడితే అప్పుడేమనుకోవాలి అంది.

సరిచేయించుకోకుండానే స్కేట్లు తీసుకుని వెళ్ళిపోయింది.

నవంబర్ 8, శనివారం, ఉదయం 6.40

లియోనీ వచ్చి స్కేట్లు కౌంటర్ మీద పెట్టింది. సరిచేసి ఇచ్చాను.

మంచు మీద తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. హైమావతి గారు నా సంగతి ఎత్తలేదు, ఆవిడా అటే చూస్తున్నారు. మెషీన్ ఆపేశాను.

ఎగరమ్మా.