గాజుని రాగి అన్న మిషన్

శుక్రవారం, రాత్రి

సముద్రపు ఇసుకలో పోయిన నాణేలూ నగలూ వెతకడం మా శీనుకి కొత్త పిచ్చి. ఈ అరబ్బు దేశంలో, లుసైల్ ఊళ్ళో వారమంతా చేసిన డ్యూటీ చాలనట్టు, ఇవాళ ఆ వెతికే మిషన్ కొనడానికి నన్నూ కోడలు సుజాతనీ జదీదా బజారులో షాపుకి తీసుకెళ్ళాడు.

రెండు చూపించారు. మంచిది ఏ లోహమో కూడా చెబుతుందట. సుజాత తన గాజు తీసి కింద పెట్టింది. మిషన్ బంగారం అని చూపించింది. తర్వాత శీను నా గాజు అడిగాడు. ఇవ్వనంటే అనుమానం వస్తుందని ఇచ్చాను.

“అత్తయ్యా, మీ గాజుని రాగి అంటోందేంటి!” అని సుజాత ఒకటే నవ్వు.

“మిషన్ మాఫీ ముష్కిల్ భాయ్,” అన్నాడు షాపతను, మిషన్‌లో ఏ లోపమూ లేదని.

“మా అమ్మ గాజులు నాకు తెలీవా? నీ మిషనే దొంగది,” అని శీను కసిరాడు.

వాడి ఇంజనీరింగ్ ఫీజుకి అసలు గాజులు అమ్మి గిల్టువి వేసుకున్న సంగతి పోయిన మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. వాడు అంత నమ్మకంగా అంటుంటే నేనూ వంత పాడాను. “చెడిపోయినట్టుంది బాబూ,” అన్నాను. సీసా మూతకీ బంగారానికీ ఒకేలా కూసే రెండోదే కొన్నాడు. పెట్టె కడుతున్నంతసేపూ షాపతను నా చేతుల వంకే చూశాడు.

ఈ గాజులు మనవరాలి పెళ్ళికని ఎప్పుడో నోరు జారాను. ఊరెళ్ళినప్పుడు కంసాలి చేత మెరుగు పెట్టిద్దామంటోంది సుజాత. కంసాలి మాటని శీను కొట్టిపారెయ్యడు...