నోటుబుక్కు వెనకవైపు

మార్చి 3, మంగళవారం

రొమ్ములో గడ్డకి ఆపరేషన్ కంటే ముందు పన్నెండు వారాలు కీమో అన్నారు. ఇవాళ ఐదోది. ఆసుపత్రి వాళ్లు ఈ నోటుబుక్కు ఇచ్చారు. జ్వరం ఎంత, వాంతులు ఎన్ని, వేళ్లలో తిమ్మిరి ఉందా లేదా, అన్నిటికీ గళ్లు గీసుకుని రోజూ రాయాలి. ప్రతి మంగళవారం పెద్ద నర్సుకి చూపించాలి.

కోపానికి గడి లేదు. అందుకే బుక్కు తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టాను. యాభై ఏళ్లలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు ఎక్కడో ఒకచోట అనకపోతే ఊపిరాడేలా లేదు. వాంతికి మాత్ర ఉంది. దీనికి లేదు.

మార్చి 5, ఉదయం

మా ఆయన అక్కగారు, వదిన, సాయానికని వచ్చి పది రోజులైంది. వంటింట్లో నా డబ్బాలన్నీ చోట్లు మార్చేసింది. పంచదార ఎక్కడ పెట్టారు వదినా అంటే, నీకెందుకే తీపి, ఒంటికి పడదు అంది. జుట్టు పోతే పోయిందిలే, చిక్కులు తీసుకునే బాధ తప్పింది అని నవ్వించబోయింది. నవ్వాను. తరవాత బాత్రూంలోకి వెళ్లి తువ్వాలు కొరికాను.

నోట్లో నాలుక లేనిదానివి, అందుకే దేవుడు నీకు పరీక్ష పెట్టాడు అంటుంది. నోరున్నవాళ్లకి పెట్టడానికి ఆయనక్కూడా భయమేమో.

తప్పు. దేవుడా, క్షమించు. కానీ కొట్టేయను.

మార్చి 6

ఆయన పొద్దుటి నుంచి పదకొండుసార్లు ఎలా ఉందని అడిగారు. పదకొండుసార్లూ పర్వాలేదన్నాను.

మార్చి 9, సాయంత్రం

కీమోకి ముందు రోజు కాస్త ఓపిక ఉంటుంది. బైండింగ్ షాపుకి వెళ్లాను. ఇరవై రెండేళ్లుగా అక్కడ అచ్చయిన పెద్ద కాగితాలు మడిచి ఫారాలు చేసి, వాటిని సూదీ దారంతో పుస్తకాలుగా కుట్టడం నా పని. కళ్లు మూసుకుని కుట్టేదాన్ని. ఇవాళ దారం ఎక్కించడానికి ఏడుసార్లు పట్టింది. ఎక్కాక సూది నా వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో చూస్తేగాని తెలియలేదు. గుచ్చుకున్న సంగతి కూడా కాగితం మీద ఎర్రచుక్క చూశాకే తెలిసింది. ఫారం పాడైంది. కళ్లద్దాలు మార్చక్కా, వయసు మీద పడుతోంది మనకి, అన్నాడు ఓనరు. అవునయ్యా అన్నాను.

ఇంటికొచ్చి ముందువైపు తిమ్మిరి గడిలో ‘లేదు’ అని రాశాను. వారం నుంచీ అదే రాస్తున్నాను. పక్క కుర్చీలో కీమో ఎక్కించుకునే టీచరమ్మ చెప్పింది, తిమ్మిరని నోరు జారానమ్మా, వెంటనే మందు తగ్గించేశారు, ఆ కాస్త మందు గడ్డకి సరిపోతుందో లేదోనని కంటి మీద కునుకు లేదు అని. నాకు మందు తగ్గకూడదు. వేళ్లూ పోకూడదు. రెండూ కావాలనుకోవడం అత్యాశా?

మార్చి 10

పెద్ద నర్సు నా గళ్లన్నీ చూసి, మీలాంటి పేషెంట్లు పదిమందుంటే మా పని ఎంత సుఖమో అంది. అబద్ధానికి మెచ్చుకోలు. ఇవాళ ప్రార్థన సగంలో ఆగిపోయింది.

మార్చి 13

పొయ్యి మీంచి పాలగిన్నె ఉత్త చేతులతో దించాను. ఒసేయ్, చెయ్యి, చెయ్యి, అని వదిన కేకపెడితేగాని తెలియలేదు. రెండు వేళ్లకి బొబ్బలు. నొప్పి లేదు. నొప్పి లేదని ఏడ్చాను.

చన్నీళ్ల కింద చెయ్యి పెడుతుంటే, వదినా, నా డబ్బాలు నా చోట్లో పెట్టండి అని అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. చెయ్యి కాలితే డబ్బాల గోలేమిటే తల్లీ అంది. ఆ తరవాత ఒక్కొక్కటే తెచ్చి పాత చోట పెట్టింది. పంచదార డబ్బా అన్నిటికంటే చివర్న, మూతి ముడుచుకుని.

ఎన్నాళ్ల నుంచి ఇలా అని ఆయన అడిగారు. చెప్పాను. పర్వాలేదన్నావుగా అన్నారు. బొబ్బలకి మందు రాస్తూ, ఇక నేనడగను, నువ్వే చెప్పు అన్నారు.

మార్చి 16

రేపు ముందువైపు ఏం రాసి చూపించాలో దేవుణ్ణి అడిగాను. జవాబు లేదు. ఆయన కూడా నాలాగే పర్వాలేదనే బాపతేమో.

మార్చి 17

‘లేదు’లన్నీ కొట్టేసి ‘ఉంది’ అని రాసి ఇచ్చాను. ఇన్నాళ్లు దాచి ఎవర్ని ఉద్ధరిద్దామనమ్మా అంది పెద్ద నర్సు. డాక్టరమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఈ వారం మందు ఆపింది. వచ్చే వారం నుంచి తగ్గించి ఇస్తుందట. తగ్గించినా పనిచేస్తుందట. నమ్మాలి. వేళ్లు మాత్రం కొందరికి నెలల మీద బాగవుతాయట, కొందరికి పూర్తిగా బాగవవట. ముందే చెప్పాల్సింది అంది.

వచ్చే మంగళవారం ఈ బుక్కు వాళ్ల ఫైల్లోకి వెళ్లిపోతుందట. నర్సు వెనకవైపు తిప్పబోతే చటుక్కున లాక్కున్నాను.

మార్చి 23

ఇది నాలుగు ఫారాల బుక్కు. కుట్టు విప్పాను. గళ్లున్న మొదటి ఫారం ఆసుపత్రికి, మధ్యవి రెండూ ఖాళీ. వెనక నుంచి రాసుకున్న చివరిది నాకు. దారం ఆయన ఎక్కించి ఇచ్చారు, ఏమీ అడగలేదు. సూదిని చూసుకుంటూ నా ఫారానికి ఐదు కుట్లు వేశాను. గంట పట్టింది.

ఎవరికి దొరికినా పారేయొద్దు. చదవొద్దు, ఎవరికీ చూపించొద్దు. ఉంచండి, చాలు.

కుట్టు మాత్రం చూడొచ్చు. వంకరగా ఉంది, కానీ ఊడదు.