అతని మాట, నా పెదాలు

జూన్ 4, బుధవారం

పెద్ద మేడమ్ నెలాఖరుకి రిటైరవుతున్నారు. మా ఆసుపత్రి స్పీచ్ థెరపీ విభాగానికి కొత్త హెడ్ కావాలి. కుర్చీ ఒకటి, దాని మీద కళ్ళు ఇద్దరివి. నావి, జూనియర్‌వి. జూనియర్ మంచి పిల్లే కానీ మొహం మాత్రం సున్నం కొట్టిన గోడ. ఎదురుగా పేషెంట్ ఏడ్చినా నవ్వినా అందులో చలనం ఉండదు. నాకు పోటీయే కాదనుకున్నాను.

మేనేజ్‌మెంట్ వాళ్ళు పంపగా కోటు వేసుకున్న ఒకాయన వచ్చి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఉపన్యాసం దంచాడు. తన గురించి తనకు తెలిసినవాళ్ళే ఇంట్లోనూ పైకొస్తారట, ఉద్యోగంలోనూ పైకొస్తారట. సెల్ఫ్ అవేర్‌నెస్ ఉంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయట. హెడ్ పోస్టు కావాలంటే ఒక సెషన్ వీడియో ఇవ్వాలి, తర్వాత ఇంటర్వ్యూ. పోతూ పోతూ మీ అతి పెద్ద బలం ఒక్క మాటలో చెప్పండి అని ఒక్కొక్కర్నీ అడిగాడు.

ఓపిక, అన్నాను. తడుముకోలేదు.

ఇంటికొచ్చి ఈ సంగతి మా ఆయనకి చెప్తే తాగుతున్న కాఫీ పొలమారింది. ఎందుకో చెప్పమంటే ఏం లేదులే అన్నారు.

జూన్ 6, శుక్రవారం

వీడియోకి లిఫ్ట్ మెకానిక్‌ని ఎంచుకున్నాను. నా పేషెంట్లలో బంగారం. ముప్ఫై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ నత్తి. గోళ్ళ కింద గ్రీజు, స్కూలు ఫోటోకి దువ్వినట్టు దువ్విన తల. పనిలో పడి భుజం దెబ్బతింది, ఇక లిఫ్ట్ గోతుల్లోకి దిగలేడు. వాళ్ళ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో ఒక ఖాళీ ఉంది. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే లోపల బటన్ నొక్కుతారు, కంట్రోల్ రూమ్‌లో గంట మోగుతుంది. ఫోన్ ఎత్తి, భయపడకండి, నేనున్నాను, మావాళ్ళు బయల్దేరారు అని చెప్పాలి. అంతే ఉద్యోగం. అది కూడా రాకపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే.

భ దగ్గరే అతని బండి ఆగిపోతుంది. మొదట వచ్చినప్పుడు ఆ ఒక్క అక్షరం దగ్గర మొహం ఎర్రబడిపోయి, చివరికి చేత్తో సైగ చేసి ఊరుకునేవాడు. ఇవాళ కెమెరా ముందు ఎంత చక్కగా అన్నాడో. వింటుంటే నాకే ధైర్యం వచ్చింది.

మా వృత్తిలో మొదటి పాఠం ఒకటుంది. నత్తి ఉన్నవాళ్ళ మాటని మనం పూర్తి చెయ్యకూడదు. ఎంతసేపైనా సరే, వాళ్ళ మాట వాళ్ళ నోటి నుంచే రావాలి. ఇన్నేళ్ళలో ఈ గదిలో నేను ఎవరికీ ఒక్క అక్షరం అందించలేదు. అందుకే ఓపిక అన్నాను.

జూన్ 9, సోమవారం

పెద్ద మేడమ్ గదిలో వీడియో చూశాం. సగంలో ఆవిడ సౌండ్ తీసేసి, అతన్ని చూడకమ్మాయ్, నిన్ను చూసుకో అన్నారు.

చూసుకున్నాను. అతను నోరు తెరవకముందే నా పెదాలు కలుసుకుని విడిపోతున్నాయి. భ. తర్వాత య. తర్వాత ప. చప్పుడు లేదు. మాట మొత్తం ముందు నా పెదాల మీద నడుస్తోంది, అతను రెప్ప వెయ్యకుండా నా మూతినే చూస్తూ దాని వెనకే వస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆ చూపుని గురుభక్తి అనుకున్నాను.

ఎప్పట్నించి ఇలా అని అడిగారు మేడమ్. నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోన్‌లో నీ మొహం కనపడదు కదమ్మా అన్నారు, అంతే.

జూన్ 10

నా దగ్గర బాగైన వాళ్ళంతా ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎందుకొస్తారో ఇవాళ తెలిసింది.

జూన్ 12, గురువారం

పెదాలు బిగించి కూర్చుంటే గడ్డం కదిలింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే కనుబొమలు లేచాయి. పెన్సిల్ పళ్ళ మధ్య పెట్టుకుంటే పెన్సిల్ ఊగింది. ఎదురుగా కూర్చున్న ఇవాళ్టి పేషెంట్, ఒక రిటైర్డ్ టీచర్ గారు, ఆ పెన్సిల్‌ని చూసే మాట పట్టేశారు. ఏమనాలి ఇక.

తెలియనప్పుడు హాయిగా చేసేదాన్ని. ఇప్పుడు చేస్తూ నన్ను నేను చూసుకుంటున్నాను. మారింది అదొక్కటే. కోటాయన తెలుసుకోండి అన్నాడే గానీ, తెలుసుకున్నాక ఏం చెయ్యాలో చెప్పకుండానే లంచ్‌కి వెళ్ళిపోయాడు.

జూన్ 14, శనివారం

ఇంట్లో పెదాలతో సరిపెట్టను, పైకే అనేస్తాను. అది నాకు ముందే తెలుసు. చలాకీతనం అనుకునేదాన్ని.

ఇవాళ భోజనాల దగ్గర నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఆయన, రేపు పొద్దున నేను... అని ఆగారు. ఊరుకున్నాను. ఆయన నా వంక చూశారు. నేను ప్లేటు వంక చూశాను. మళ్ళీ, రేపు పొద్దున అన్నారు. మళ్ళీ ఆగారు. చివరికి, ఏం చెప్పబోయానో నువ్వే చెప్పవే, నాకు తట్టట్లేదు అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు ఏడుపొచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ మనిషి మాటల చివర్లన్నీ నేనే లాక్కున్నాను. ఇప్పుడు తిరిగిచ్చినా ఆయనకి వాటితో ఏం చెయ్యాలో తెలియడం లేదు.

కాసేపటికి అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. దానితోనూ అలాగే ఊరుకున్నాను. అమ్మా, లైన్లో ఉన్నావా, ఒంట్లో బాగానే ఉందా అని కంగారు పడింది. తర్వాత వాళ్ళ నాన్నకి చేసి, అమ్మని డాక్టరుకి చూపించు అందట.

జూన్ 17, మంగళవారం

జలుబని అబద్ధం చెప్పి మాస్క్ పెట్టుకున్నాను. లిఫ్ట్ మెకానిక్ వచ్చి కూర్చున్నాడు. భ దగ్గర ఆగాడు. మెడ నరాలు తేలాయి. కళ్ళు నా మాస్క్ మీద అటూ ఇటూ వెతికాయి. మాట రాలేదు. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ ఆగాడు. అక్షరం లోపలే ఇరుక్కుపోయింది, మనిషి చెమటలు కక్కాడు.

తర్వాత క్షమాపణ చెప్పాడు. ఈ మధ్య సాధన సరిగ్గా చెయ్యలేదని, తప్పంతా తనదేనని, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు. నాకు! మాస్క్ లోపల నా పెదాలు అతనితో పాటే క్షమాపణ చెప్తున్నాయి. గుడ్డ తడిసి మూతికి అంటుకుంది.

కంపెనీ వాళ్ళ పరీక్ష వచ్చే మంగళవారం. నిజం చెప్తే ఉన్న కాస్త ధైర్యం పోతుంది. చెప్పకపోతే పరీక్షలో బోర్లా పడతాడు.

చెప్పలేదు.

జూన్ 19, గురువారం

ఇంటర్వ్యూ. మీలో లోపం ఏమిటి అని అడిగాడు కోటాయన. దాచడానికి ఏముంది, అంతా కక్కేశాను. పెదాల సంగతి, మళ్ళీ మళ్ళీ వచ్చే పేషెంట్ల సంగతి, పెన్సిల్ సంగతి కూడా. ఈ పోస్టు పోయిందనుకుని మనసు తేలికపడింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంతటి సెల్ఫ్ అవేర్‌నెస్ తన సర్వీసులో చూడలేదన్నాడు. నేను మానలేకపోతున్నానండీ అన్నాను. ఆ నిజాయితీయే మాకు కావాలి అన్నాడు. కాదండీ, ఇప్పటికీ చేస్తున్నాను అన్నాను. పక్కనున్న ఆవిడ మెచ్చుకోలుగా తలూపింది.

ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆయన వాక్యాలు కూడా నా పెదాల మీద ముందే నడిచాయి. ఎవరూ గమనించలేదు.

జూన్ 20

పోస్టు నాకే.

జూన్ 23, సోమవారం

లిఫ్ట్ మెకానిక్‌కి చెప్పేశాను. మాస్క్ తీసి, వీడియో పెట్టి, సౌండ్ తీసేసి చూపించాను. అతను చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. రేపు మీరు కూడా రండి మేడమ్ అన్నాడు. వచ్చి ఎదురుగా కూర్చోండి చాలు అన్నాడు. నేను కాదన్నాను. ఈ ఒక్కరోజు గట్టెక్కిస్తే తర్వాత మెల్లిగా నేర్చుకుంటానన్నాడు. భార్యకి నెలలు నిండాయట, భుజం ఇక రాదట. ఇదంతా నా మూతి చూస్తూనే అన్నాడు, ఎక్కడా తడబడకుండా.

వస్తాను గానీ గోడ వైపు తిరిగి కూర్చుంటానన్నాను. అంతవరకే ఒప్పుకున్నాను. అంతవరకైనా ఎందుకు ఒప్పుకున్నాను?

జూన్ 24, మంగళవారం, సాయంత్రం

కంట్రోల్ రూమ్ చిన్న గది. ఒక బల్ల, ఫోన్, ఎర్ర దీపం, గోడకి గంట. నన్ను అతని అక్కననుకుని కుర్చీ వేశారు. గోడ వైపు తిరిగి కూర్చుంటే మేనేజర్ వింతగా చూసి పక్క గదిలోకి వెళ్ళాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాడిలా అక్కణ్ణుంచి ఆయనే మాట్లాడతాడు.

గంట మోగింది. అతను ఫోన్ ఎత్తాడు. భ. భ. ఊపిరి. భ.

హలో, ఎవరైనా ఉన్నారా అంది ఫోన్. హలో, నాకు ఊపిరాడట్లేదు అంది. మేనేజర్ బాగానే నటిస్తున్నాడు. గోడ మీద పెయింట్ పెచ్చు లేచిన చోటునే చూస్తూ కూర్చున్నాను. తిరగకూడదని తెలుసు. తిరిగితే ఏమవుతుందో కూడా తెలుసు. రేపెప్పుడో నిజంగా ఇరుక్కున్నవాళ్ళు ఫోన్ చేస్తారు, అప్పుడు ఈ గదిలో నేనుండను. ఇంత స్పష్టంగా నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు.

తిరిగాను.

భయపడకండి, నేనున్నాను, మావాళ్ళు బయల్దేరారు అన్నాడు అతను. కడిగిన గాజులా వచ్చింది మాట.

ఉద్యోగం ఇచ్చేశారు. బయటికొచ్చాక నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. దేవతనట.

జూలై 1

పెద్ద మేడమ్ కుర్చీలో కూర్చున్నాను. కేక్ కోశారు. జూనియర్‌ని పక్కకి పిలిచి లిఫ్ట్ మెకానిక్‌ని నువ్వు తీసుకో అన్నాను. సరేనంది, గోడ మొహంతోనే. ఆ మొహం విలువ ఇప్పుడు తెలుస్తోంది. కానీ అతను వెళ్ళనన్నాడట. ఆ మేడమ్ మొహంలో ఏమీ కనపడదండీ అన్నాడట.

జూలై 9, పగలు పదకొండున్నర

ఫోన్. అతనే, కంట్రోల్ రూమ్ నుంచి. హలో లేదు. ఊపిరి. భ. ఊపిరి. అతని వెనక గంట మోగుతోంది. ఎక్కడో ఎవరో లోపలి నుంచి బటన్ నొక్కుతున్నారు.

స్పీకర్ ఆన్ చేసి ఫోన్ బల్ల మీద పెట్టాను. మాట అందిస్తే రేపటి గంటకీ నేనే కావాలి. అందించకపోతే ఆ లోపలి మనిషి? పెన్ను పట్టుకోకపోతే అందించేస్తానని ఇది రాస్తున్నాను. రెండో చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాను.

అరచేతి కింద పెదాలు అంటూనే ఉన్నాయి. అతనికి కనపడవు.